పగ్ బద్ధకం వెనుక ఊపిరి లెక్క

పగ్ కుక్క గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ బ్రీడర్‌ను అడిగినా రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. చాలా మంచి కుక్క, పిల్లల్ని ఏమీ అనదు, మనిషిని వదిలి ఉండలేదు అన్నది మొదటిది. పెద్దగా తిప్పక్కర్లేదు, రోజంతా పడుకునే ఉంటుంది, ఫ్లాటులో ఉండేవాళ్లకు దీన్ని మించింది లేదు అన్నది రెండోది. ఈ రెండింటినీ ఒకే గుణం కిందకు తెచ్చి, ఒకే గుక్కలో చెప్పేస్తారు. గడిచిన పదిహేనేళ్లలో పశువైద్య పరిశోధకులు పోగుచేసిన సాక్ష్యాన్ని వరసగా చదువుకుంటూ పోతే మాత్రం ఇవి రెండూ వేర్వేరు సంగతులని తేలుతుంది. మొదటిది స్వభావమే. రెండోదాంట్లో చాలా భాగం గాలి చాలకపోవడం. పగ్‌ను ఎలా చూసుకోవాలి, ఎంత తిప్పాలి, ఏం పెట్టాలి, అసలు తెచ్చుకోవచ్చా అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ తేడాను పట్టుకున్నాకే దొరుకుతుంది.

మన దగ్గర పగ్‌ను ఇంటింటికీ తెలిసేలా చేసింది టీవీ. 2003లో హచ్ సెల్‌ఫోన్ కంపెనీ కోసం ఓగిల్వీ సంస్థ చేసిన ప్రకటనలో ఒక పిల్లాడు ఎక్కడికి పోతే అక్కడికి ఒక పగ్ వెనకాలే నడుస్తుంది. ప్రకాశ్ వర్మ తీసిన ఆ చిన్న చిత్రం అమ్మదలచుకున్నది నెట్‌వర్కును. జనం వెతుక్కుంటూ వెళ్లి కొన్నది కుక్కను. అప్పటిదాకా మన పట్టణాల్లో ఇంట్లో పెంచుకునే చిన్న కుక్క అంటే పొమేరియనే. ఆ తర్వాత హైదరాబాదులోనూ విజయవాడలోనూ 'హచ్ కుక్క' కావాలని అడిగేవాళ్లు మొదలయ్యారు, కంపెనీ చేతులు మారాక అదే 'వొడాఫోన్ కుక్క' అయింది. కుక్కల విషయంలో ఇలా ఫ్యాషన్ రావడం కొత్తేమీ కాదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ రిజిస్ట్రేషన్లను దశాబ్దాల పొడుగునా పరిశీలించి 2013లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. ఒక జాతికి ఆదరణ పెరగడానికీ, ఆ జాతి ఆరోగ్యానికో మంచి నడవడికో ఏ సంబంధమూ లేదని అది తేల్చింది. ఆదరణ ఉన్నంత మాత్రాన ఆ జాతి మంచిదని అనుకోవడానికి ఆధారం లేదన్నమాట.

స్వభావం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే పగ్‌కు దక్కాల్సిన మెప్పు అక్కడే ఉంది. పగ్ పూర్వీకులు చైనా రాజాస్థానాల్లో ఒళ్లో పెరిగిన కుక్కలు. 16వ శతాబ్దంలో డచ్చి వర్తకుల ఓడలమీద యూరప్ చేరి, నెదర్లాండ్స్‌లో ఆరెంజ్ రాజకుటుంబానికి ముద్దుకుక్కలయ్యాయి. 1688లో ఆ కుటుంబపు విలియం ఇంగ్లండు గద్దె కోసం వెళ్లినప్పుడు వాటికీ ఇంగ్లండు దారి తెరుచుకుంది. ఈ ప్రయాణం మొత్తంలో ఎవరూ దానిచేత వేటాడించలేదు, మందలు కాయించలేదు, గుమ్మం ముందు కాపలా పెట్టలేదు. మనిషి పక్కన కూర్చోవడమే దాని ఉద్యోగం. వందల ఏళ్లుగా ఆ పనికి పనికొచ్చినవాటినే దాచుకుని, వాటికే పిల్లల్ని పుట్టిస్తూ వస్తే ఏ గుణాలు మిగులుతాయో అవే ఇవాళ్టి పగ్‌లో కనిపిస్తాయి. గదిలోంచి గదిలోకి నీడలా వెంట వస్తుంది. కొత్త మనిషిని చూసి గుర్రుమనడానికి బదులు వాసన చూసి ఒళ్లెక్కుతుంది. తిండి చూపిస్తే ఏదైనా నేర్చుకుంటుంది, తిండి లేకపోతే విననట్టు నటిస్తుంది. వాన పడుతుంటే గడప దాటడానికి మొరాయిస్తుంది. ఒంటరిగా వదిలేస్తే మాత్రం బెంగపడుతుంది. ఉదయం తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇల్లు దీనికి తగదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. జాతి పేరు చెప్పి స్వభావం చెప్పడం కులం పేరు చెప్పి గుణం చెప్పినట్టే కదా అని. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన ఈ అనుమానానికి బలమిచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల గురించి యజమానులు ఇచ్చిన సమాధానాలనూ, రెండు వేలకు పైగా కుక్కల జన్యు సమాచారాన్నీ కలిపి చూస్తే, ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. మిగతాదంతా ఆ కుక్క సొంత జన్యువులు, పెరిగిన తీరు, ఇంటి వాతావరణం. కాబట్టి పగ్ కొనుక్కుంటే శాంతం దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు. పిల్లగా ఉన్నప్పుడు మనుషులకూ చప్పుళ్లకూ అలవాటు పడని పగ్ పిరికిదై కరవనూ వచ్చు. అయితే తొమ్మిది శాతం సున్నా కాదు. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ నడిపే వెట్‌కంపాస్ అనే పథకం ఆ దేశపు పశువైద్యశాలల కేసు కాగితాలను పోగుచేసి విశ్లేషిస్తుంది. 2022లో వాళ్లు 4,308 పగ్‌లను దాదాపు ఇరవై రెండు వేల ఇతర కుక్కలతో పోల్చినప్పుడు పగ్‌లకు అనుకూలంగా వచ్చిన అంశాలు కొన్నే. కోపంతో మీద పడే గుణం తక్కువగా ఉండడం వాటిలో ఒకటి, ఒంటిమీద గాయాలు తక్కువ కావడం మరొకటి. పగ్ సాధువనే పేరు ఉత్త ప్రచారం కాదు.

మరి ఆ సాధుత్వానికి చప్పిడి ముఖం అవసరమా? దీనికి జవాబు లండన్‌లో, టేట్ చిత్రశాల గోడమీద ఉంది. విలియం హోగార్త్ అనే చిత్రకారుడు 1745లో వేసుకున్న తన బొమ్మలో పక్కనే పెంపుడు పగ్ ట్రంప్ కూడా ఉంటుంది. దానికి ముక్కు స్పష్టంగా ముందుకు వచ్చి ఉంటుంది, కాళ్లూ పొడుగే. ఇవాళ్టి పగ్ ఫొటో పక్కన పెడితే రెండూ ఒకే జాతి అని ఒప్పుకోవడానికి కాస్త తడబడతాం. ముఖం బాగా అణిగిపోయింది 19వ శతాబ్దంలో, ముఖ్యంగా దాని రెండో సగంలో. 1873లో బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టి, 1883లో పగ్‌లకంటూ ఒక క్లబ్ ఏర్పడి, ప్రదర్శనల్లో బహుమతులు మొదలయ్యాక ఆ పోకడకు అడ్డే లేకపోయింది. అంటే మనిషిని అంటిపెట్టుకునే గుణం ముందు వచ్చింది, చప్పిడి ముఖం తర్వాత వచ్చింది. ముక్కున్న పగ్‌నూ జనం అంతే ముద్దుగా చూసుకున్నారు. చప్పిడి ముఖం కుక్కలు మనిషి కళ్లలోకి త్వరగా చూస్తాయని బుడాపెస్ట్ పరిశోధకులు 2021లో చూపించిన మాట నిజమే. గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు పసిపిల్లల్ని తలపించి మనల్ని కరిగిస్తాయన్నదీ నిజమే. కానీ అది మన కంటికి దొరికే సుఖం. దాని ఖర్చు కుక్క ముక్కు భరిస్తోంది.

ఆ ఖర్చు ఎలాంటిదో కొంచెం దగ్గరగా చూడాలి. పుర్రె ఎముక పొట్టిగా మారింది గానీ లోపలి మెత్తని కండ అదే దామాషాలో తగ్గలేదు. మూరెడు పెట్టెలో బారెడు చీర కుక్కినట్టు, అంగిలి వెనకభాగం, నాలుక, ముక్కులోపలి మడతలు అన్నీ ఆ కాస్త చోట్లోనే ఇరుక్కుని గాలి దారికి అడ్డం పడతాయి. ముక్కుపుటాలు కామా గుర్తుల్లా తెరుచుకుని ఉండాల్సింది పోయి చాలా పగ్‌లలో సన్నటి చీలికల్లా ఉంటాయి. గాలి లాగడానికి ప్రతిసారీ ఎక్కువ బలం పెట్టాలి. అలా లాగీ లాగీ గొంతు కణజాలం వాచిపోయి, దారి ఇంకా ఇరుకవుతుంది. వయసుతోపాటు ముదిరే ఈ స్థితిని పశువైద్యులు పొట్టిముఖపు శ్వాస అవరోధ జబ్బు అంటారు. వెట్‌కంపాస్ లెక్కల్లో ఇతర కుక్కలతో పోలిస్తే పగ్‌లకు ఈ జబ్బు ముప్పు దాదాపు 54 రెట్లు, ముక్కుపుటాలు ఇరుకైపోవడం 51 రెట్లు. కంటి నల్లగుడ్డు మీది పొర పుండు పడడం 13 రెట్లు, ముఖం మడతల్లో చర్మం చెడడం 11 రెట్లు, ఊబకాయం మూడు రెట్ల పైన. మొత్తంమీద ఏడాదిలో ఏదో ఒక జబ్బు నమోదయ్యే అవకాశం ఇతర కుక్కలకన్నా 1.9 రెట్లు. ఆరోగ్యం దృష్టితో చూస్తే పగ్‌ను ఇక మామూలు కుక్కగా లెక్కించలేమని ఆ పరిశోధకులు రాశారు. ఆచితూచి రాసే శాస్త్రవేత్తలు అంత మాట అనడం అరుదు.

ఇప్పుడు ఆ రెండో మాటకు, 'రోజంతా పడుకునే ఉంటుంది' అన్నదానికి వద్దాం. గాలి చాలని కుక్క పరుగెత్తదు. నాలుగడుగులు వేసి ఆగుతుంది, కూర్చుంటుంది, కళ్లార్పుతూ మన వంక చూస్తుంది. చూసేవాళ్లు దాన్ని బద్ధకం అంటారు, రాజసం అంటారు, ఇంకాస్త ప్రేమ ఉంటే ముసలి జమీందారు అంటారు. నిద్రలో ఇది మరింత తేటగా బయటపడుతుంది. శ్వాస అడ్డం పడే కుక్క తల వాల్చి పడుకుంటే గొంతు మూసుకుపోతుంది గనక గడ్డం ఎత్తి దిండుమీదో సోఫా చేతిమీదో ఆన్చి పడుకుంటుంది. కొన్ని కూర్చునే తూగుతాయి, పక్కకు ఒరిగి ఉలిక్కిపడి లేస్తాయి. ఇంకొన్ని నోట్లో బొమ్మ కరుచుకుని నిద్రపోతాయి. అది బొమ్మమీద మమకారం కాదు. నోరు తెరిచి ఉంచుకుని ఊపిరి తీసుకోవడానికి దొరికిన ఉపాయం. ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ మురిసిపోయే పగ్ వీడియోల్లో చాలా ఇవే.

యజమానులకు ఇది తెలియదా అంటే, కళ్లెదుటే ఉన్నా తెలియదు. రాయల్ వెటర్నరీ కాలేజీలోనే 2012లో అచ్చయిన అధ్యయనంలో, శ్వాస అవరోధం ఉందని పరీక్షలో తేలిన కుక్కల యజమానుల్లో 58 శాతం మంది తమ కుక్కకు ఊపిరి ఇబ్బందేమీ లేదన్నారు. గురక వస్తుందా అంటే వస్తుందన్నారు, ఆయాసపడుతుందా అంటే అవునన్నారు, మరి సమస్య ఉన్నట్టే కదా అంటే లేదన్నారు. ఆ జాతికి అది మామూలే అని వాళ్ల నమ్మకం. ఇందులో ప్రేమ లేకపోవడం ఏమీ లేదు, నిజానికి ఉన్నది ప్రేమే. మన ఇళ్లలో ముసలాయన గురక పెడుతుంటే వయసు అనుకుని ఊరుకోవడం లాంటిదే ఇదీ. 'మావాడు బాగానే ఆడతాడు, పరుగెడతాడు' అనే యజమాని అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ మాట సాక్ష్యంగా నిలవదు. పుట్టినప్పటినుంచీ ఇరుకు గొంతుతో బతికిన జీవికి హాయిగా ఊపిరి తీసుకోవడం ఎలా ఉంటుందో తెలియదు. ఉన్న ఊపిరి మేరకు అది ఆడుతుంది. అందుకే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పశువైద్యులు యజమాని మాట మీద ఆధారపడని పరీక్ష ఒకటి తయారుచేశారు. కుక్క మెడ దగ్గర స్టెతస్కోపు పెట్టి విని, మూడు నిమిషాలు వడిగా నడిపించి, మళ్లీ వింటారు. 0 నుంచి 3 దాకా గ్రేడు ఇస్తారు. 2019 నుంచి బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ ఈ పద్ధతిని అమలు చేస్తోంది. కేంబ్రిడ్జి బృందం పరీక్షించిన పగ్‌లలో సగానికి పైగా కుక్కల్లో జబ్బు లక్షణాలు బయటపడ్డాయి. ఈ పరీక్షకు ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. శిక్షణ పొందిన డాక్టరు చెవీ, మూడు నిమిషాల నడకా చాలు.

బ్రిటన్ లెక్కలు మనకెందుకు అనేవాళ్లుంటారు. మనకే ఇంకా ఎక్కువ కావాలి. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నాలుక మీదినుంచీ, ముక్కులోపలి తడి మడతల మీదినుంచీ నీటిని ఆవిరి చేసుకునే ఒంటి వేడి దించుకోవాలి. ఆ ముక్కే పగ్‌కు కురచ. పైగా ఇరుకు గొంతులోంచి గాలి లాగే శ్రమ వల్ల ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది, దాంతో ఇంకా రొప్పుతుంది. బ్రిటన్‌లో తొమ్మిది లక్షలకు పైగా కుక్కల రికార్డులు చూసిన 2020 నాటి అధ్యయనంలో లాబ్రడార్‌తో పోలిస్తే పగ్‌కు వడదెబ్బ ముప్పు మూడు రెట్లకు పైగా తేలింది. అది వేసవిలో ముప్ఫై డిగ్రీలు దాటితే పత్రికల్లో పతాక శీర్షికలు వచ్చే దేశం. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. విశాఖపట్నంలో డిగ్రీలు తక్కువే కదా అని నిమ్మళించడానికీ లేదు. గాలిలో తేమ ఎక్కువైతే నోటి తడి ఆవిరి కాదు, రొప్పినా వేడి దిగదు. అదే అధ్యయన బృందం చెప్పిన ఇంకో సంగతి మనవాళ్లు గుర్తుంచుకోదగ్గది. వడదెబ్బ అనగానే మూసి ఉన్న కారే గుర్తొస్తుంది గానీ, కారణం తెలిసిన కేసుల్లో నాలుగింట మూడు వంతులు నడకా పరుగుల వల్ల వచ్చినవే. సాయంత్రం ఆరు గంటలకు ఎండ పోయిందని బయల్దేరదీస్తే, సిమెంటు రోడ్డు అప్పటికింకా సెగలు కక్కుతూనే ఉంటుంది.

కాబట్టి పగ్ సంరక్షణ అంటే అన్నిటికన్నా ముందు ఊపిరి సంరక్షణ. ఈ కోణం తీసుకుంటే మామూలుగా చెప్పే జాగ్రత్తల వరస మారిపోతుంది. మొదటి స్థానం స్నానానికో బ్రష్‌కో కాదు, తూకానికి. జాతి ప్రమాణం ప్రకారం పగ్ బరువు 6.3 నుంచి 8.1 కిలోలు. ఎనిమిది కిలోలు ఉండాల్సిన కుక్క పదకొండుకు చేరడమంటే అరవై కిలోల మనిషి ఎనభై రెండుకు చేరినట్టు. ఆ కొవ్వు పొట్ట దగ్గరే ఆగదు, గొంతు చుట్టూ కూడా చేరుతుంది. పగ్‌లలో శ్వాస జబ్బుకూ లావుకూ ఉన్న సంబంధం కేంబ్రిడ్జి పరిశోధనలోనూ బయటపడింది. యజమాని ముక్కును మార్చలేడు, గొంతును మార్చలేడు. బరువు ఒక్కటే అతని చేతిలో ఉన్నది. మన ఇళ్లలో కుక్క లావెక్కేది దానికి పెట్టే పూట భోజనంతో కాదు. పొద్దున టీ తాగుతూ నాన్న వేసే రెండు బిస్కెట్లు, టిఫిన్ దగ్గర ఇడ్లీ ముక్క, మధ్యాహ్నం గిన్నె అడుగున మిగిలిన పెరుగన్నం నానమ్మ చేతినుంచి, సాయంత్రం పిల్లల చిప్స్. ఎవరికి వాళ్లు 'కొంచెమే కదా' అనుకుంటారు, పగ్ మాత్రం అందరి దగ్గరా వరసగా హాజరు వేయించుకుంటుంది. రోజుకు పెట్టేదంతా పొద్దున్నే ఒక డబ్బాలో కొలిచి పోసి, ఇంట్లో ఎవరు ఏం పెట్టినా అందులోంచే పెట్టాలని నియమం పెట్టుకుంటే గొడవ వదిలిపోతుంది. పక్కటెముకలు కంటికి కనపడకపోయినా వేలితో తడిమితే తగలాలి, తగలకపోతే లావైనట్టే.

నడక మానేయమని కాదు దీని అర్థం. నడక లేని పగ్ లావెక్కుతుంది, లావెక్కిన పగ్ నడవలేదు. మంచి ఊపిరి ఉన్న పగ్‌కు రోజూ రెండు పూటలా నడక కావాలి. వేసవిలో సూర్యోదయానికి ముందు, రాత్రి బాగా పొద్దుపోయాక. మెడపట్టీ తీసేసి ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడాలి, అసలే ఇరుకైన గొంతును పట్టీతో లాగడం మూర్ఖత్వం. రొప్పుడు ఆగకపోవడం, నాలుక నీలంగా గానీ మరీ ఎర్రగా గానీ మారడం, చిక్కటి చొంగ, తూలడం, వాంతి కనిపిస్తే అది వడదెబ్బే. ముందు చల్లబరచాలి, తర్వాత ఆసుపత్రికి బయల్దేరాలి. కుళాయి నీళ్లు ఒంటినిండా ధారగా పోస్తూ ఫ్యాను వేయాలి. తడి తువ్వాలు కప్పి ఉంచే పాత అలవాటు వల్ల లోపలి వేడి లోపలే నిలిచిపోతుంది. ఊపిరి తర్వాత చూడాల్సింది కళ్లు. పగ్ కళ్ల గుంటలు లోతు తక్కువ కావడంతో గుడ్లు బయటికి ఉబికి ఉంటాయి. గోడ మూల తగిలినా పిల్లి గోరు గీసినా పుండు పడుతుంది, మెడ దగ్గర గట్టిగా పట్టి లాగితే కంటిగుడ్డే బయటికి రావచ్చు. కన్ను సగం మూసి చికిలిస్తుంటే రేపు చూద్దామనుకోకూడదు. ముక్కు మీది మడతను రోజూ మెత్తటి బట్టతో తుడిచి, తడి లేకుండా ఆరనివ్వాలి, ముఖ్యంగా వానాకాలంలో. పొట్టి దవడలో పళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి గార పడుతుంది కాబట్టి బ్రష్ చేయడం అలవాటు చేయాలి. పొట్టి బొచ్చు కదా రాలదనుకుని తెచ్చుకున్నవాళ్లకు సోఫాయే సమాధానం చెబుతుంది. ఏ ఆపరేషన్ అయినా మత్తుమందు విషయంలో పొట్టిముఖపు కుక్కలతో అనుభవం ఉన్న డాక్టరే కావాలి. అమెరికా నుంచి తిరిగి వస్తూనో, అక్కడికి వెళ్తూనో పగ్‌ను విమానంలో తేవాలనుకునే కుటుంబాలు టికెట్లకు ముందే విచారించుకోవాలి. 2005 మే నుంచి ఐదేళ్లలో అమెరికా విమానాల్లో చనిపోయిన 122 కుక్కల్లో దాదాపు సగం పొట్టిముఖపువే అని ఆ దేశ రవాణా శాఖ 2010లో ప్రకటించింది, వాటిలో పదకొండు పగ్‌లు. చాలా విమాన సంస్థలు ఇప్పుడు వీటిని సరుకు అరలో ఎక్కించుకోవు.

ఇంత చేస్తే చాలదా, ఏసీ వేస్తాం, మంచి డాక్టరుకు చూపిస్తాం అనేది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. ఆయుర్దాయం లెక్కలు కూడా ఈ వాదనకే కొంత బలమిస్తాయి. 2022లో వెట్‌కంపాస్ సమాచారంతో వేసిన పట్టిక పగ్ సగటు ఆయుష్షు 7.65 ఏళ్లంటే, 2024లో ఆరు లక్షలకు దగ్గరైన సంఖ్యలో కుక్కలను చూసిన మరో అధ్యయనం 11.6 ఏళ్లంది. మొదటి సంఖ్య చూపి భయపెట్టేవాళ్లూ, రెండోది చూపి ధైర్యం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఒక జాతికి ఒక్కసారిగా గిరాకీ పెరిగినప్పుడు దేశంలో ఉన్న ఆ కుక్కల్లో చిన్న వయసువే ఎక్కువ. అప్పుడు నమోదయ్యే చావుల్లోనూ చిన్న వయసు చావులే ఎక్కువగా కనిపిస్తాయి, సగటు కిందకు జారుతుంది. కాబట్టి రెండో సంఖ్యే నిజానికి దగ్గరని నాకనిపిస్తుంది. అయినా ఆ అధ్యయనంలోనే కుక్కలన్నిటి సగటు 12.5, మామూలుగా చిన్న కుక్కలు పెద్దవాటికన్నా ఎక్కువ కాలం బతుకుతాయి, పగ్ ఆ లాభాన్ని పోగొట్టుకుంది. ఎన్నేళ్లు బతికింది అన్నదానితో ఎలా బతికింది అన్నది తేలదు కూడా. ఆపరేషన్ మాటకొస్తే, ముక్కుపుటాలు వెడల్పు చేసి, అంగిలి వెనక అదనపు కండ కోసేస్తే చాలా కుక్కలకు ఊరట దొరుకుతుంది, చిన్న వయసులో చేయిస్తే మరీ మంచిది. చేయించగలిగినవాళ్లు చేయించాల్సిందే. కానీ కత్తి జన్యువులను కోయలేదు. ఆపరేషన్‌తో బాగుపడ్డ కుక్కకు పుట్టే పిల్లలు మళ్లీ అదే గొంతుతో పుడతాయి. ఏసీ సంగతి అంతకన్నా తేలిక. నాలుగు నెలలు ఒక గదిలోంచి బయటికి రాలేని జంతువు ఫ్లాటు జీవితానికి సరిగ్గా సరిపోయిందనడం విడ్డూరం.

సంరక్షణకు ఒక హద్దుంది, ఆ హద్దు దాటాక బాధ్యత పుట్టించేవాడిది. ఈ విషయంలో యూరప్ నడిచిన దారి మనకు పాఠం. 2008లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు బ్రిటన్‌లోని పదివేల పగ్‌ల వంశావళిని లెక్కకడితే, వాటి మొత్తం జన్యు వైవిధ్యం సుమారు యాభై కుక్కల్లో ఉండేంతే అని తేలింది. మేనరికాల గురించి మనకు ఒకరు చెప్పక్కర్లేదు గాని, ఇది అంతకన్నా చాలా దగ్గర చుట్టరికం. అదే ఏడాది బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీతో గొడవ చెలరేగి, కెన్నెల్ క్లబ్ తన జాతి ప్రమాణాలను తిరగరాయాల్సి వచ్చింది. నెదర్లాండ్స్ ఇంకా ముందుకు వెళ్లింది. 2019లో ఆ ప్రభుత్వం పెట్టిన ప్రమాణం ప్రకారం ముక్కు పొడవు పుర్రె పొడవులో కనీసం మూడో వంతు లేని కుక్కలను సంతానానికి వాడకూడదు. ఒకప్పుడు పగ్‌ను రాజలాంఛనంలా చూసుకున్న దేశమే ఈ పని చేసింది. ఇలా చేస్తే జాతే అంతరించిపోతుందని పెంపకందారుల మొర. జాతి అంటే ఏమిటన్నది ఇక్కడ తేల్చుకోవాలి. చప్పిడి ముఖమే జాతి అయితే, అవును, అది పోతుంది. మనిషిని అంటిపెట్టుకునే ఆ గుణం జాతి అయితే, పొడవు ముక్కు పగ్‌లనే ఏరి, అవసరమైతే మరో చిన్న జాతితో కలిపి దాన్ని నిలబెట్టుకోవచ్చు. జర్మనీలో కొందరు ఇప్పటికే ఆ పనిలో ఉన్నారు. హోగార్త్ ట్రంప్ ఒళ్లో కూర్చోవడం మానలేదు కదా.

మన దగ్గర ఈ చర్చ ఇంకా ఊపందుకున్నట్టు లేదు. ప్రభుత్వం కుక్కల జాతుల జోలికి వచ్చిందంటే ఎక్కువగా కరిచేవాటి కోసమే. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల 'క్రూరమైన' కుక్కల మీద రాష్ట్రాలకు లేఖ రాసింది, దాన్ని కర్ణాటక హైకోర్టు కొట్టేసింది కూడా. మనిషికి హాని చేసే కుక్క గురించి లేఖలు నడుస్తాయి. మనిషి ముచ్చట వల్ల హాని పొందే కుక్క గురించి అంతగా నడవవు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఈ రెండింటిలో ఒక్కదాన్నైనా అడిగి కొనేవాళ్లు ఎందరుంటారు? బజారులో ముఖం ఎంత అణిగితే ధర అంత ఎక్కువ పలుకుతుంది. ముక్కు కాస్త పొడుగున్న పిల్లను 'ప్యూర్ కాదు' అని తీసిపారేస్తారు. ఆరోగ్యంగా ఉండగల పిల్ల అదే. ఈ తలకిందుల ధరను నిలబెడుతున్నది బ్రీడరొక్కడే కాదు, కొనేవాడూ.

ఇప్పటికే ఇంట్లో పగ్ ఉన్నవాళ్లు ఈ వారమే దాన్ని తూకం వేయించి, డాక్టరు చేత నడకకు ముందూ తర్వాతా ఊపిరి వినిపించుకోండి. కొత్తగా తెచ్చుకోవాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు వీధిలో పుట్టిన పిల్లను దత్తత తీసుకోవడం గురించి ఆలోచించండి. మన ఎండకు తట్టుకునే ముక్కు దానికుంది. కాదు, పగ్ కావాలనుకుంటే పిల్లను చూసి మురిసే ముందు దాని తల్లిని చూపించమనండి. ముక్కుపుటాలు తెరుచుకుని ఉన్నాయో చీలికల్లా ఉన్నాయో దగ్గరగా చూడండి. మీ ఎదుటే మూడు నిమిషాలు వడిగా నడిపించమనండి. తల్లి గురగురమంటూ కూలబడినా, తల్లిని చూపించడానికి అమ్మేవాడు సాకులు చెప్పినా, అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి వచ్చేయండి.